సదరు కుక్కపిల్ల పడక వ్యవహారం

ఒక పెద్ద అడవిలో, అంటే అందులో ఉండేవాళ్లంతా పెద్దదని చెప్పుకునే అడవిలో, జంతువులు కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడు గంభీరప్ప అనే అడవిదున్న. ఎవరు ఏం మాట్లాడినా ఆయన తలూపుతాడు. అది ఒప్పుకోవడమో, ఈగలు తోలుకోవడమో ఇంతవరకూ ఎవరికీ తేలలేదు. కానీ ఆయన తలూపాడంటే తీర్మానం అయిపోయినట్టే లెక్క.

ఆ తీర్మానాలు రాసేవాడు కార్యదర్శి కంటకయ్య. కంటకయ్య ముళ్లపంది. తన ముల్లే కలం, టేకాకే కాగితం. పదకొండేళ్లుగా అదే పని. నిజానికి ముళ్లపందులు పగలు పడుకుని రాత్రి తిరగాలి. సభ పగలు జరుగుతుంది కాబట్టి కంటకయ్య పగలు మేలుకుని రాత్రి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. తన జాతిలో ఇంత త్యాగం చేసినవాడు లేడని అతనికి గర్వం. ఇంత తెలివితక్కువ పని చేసినవాడు కూడా లేడేమోనని అప్పుడప్పుడు అనుమానం. రెండూ ఒక్కసారే వచ్చినప్పుడు గర్వాన్ని పైన పెట్టి, అనుమానాన్ని అడుగున పెట్టుకునేవాడు.

సభకు నూట పద్నాలుగు నిబంధనలున్నాయి. అన్నీ కంటకయ్య రాసినవే. ఏ వివాదమైనా తేలేదాకా ఆ వస్తువు కార్యదర్శి దగ్గరే ఉండాలనేది ముప్పై ఒకటోది. ఒక పనసపండు గొడవలో అది రాశాడు. గొడవ తేలేసరికి పండు లేదు. మాగిన పండును పాడుచేయడం సభకు గౌరవం కాదని కంటకయ్య తినేశాడు. తిన్నట్టు రిజిస్టరులో నిజాయతీగా రాసుకున్నాడు కూడా.

సభలో చేరనిది చిరుత ఒక్కతే. సభ్యత్వం తీసుకోమని రెండుసార్లు ఉత్తరం పంపితే, తనకు అవసరం లేదని కబురు చేసింది. అయినా ఇరుగుపొరుగు మర్యాద చెడకూడదని ప్రతి తీర్మానం కాపీ ఒకటి ఆవిడకూ పంపుతూనే ఉన్నారు. సభలో మాత్రం ఆవిడ పేరు ఎత్తరు. ఎదుట లేనివాళ్ల గురించి మాట్లాడటం సంస్కారం కాదని ఇంకో నిబంధన ఉంది. అదీ కంటకయ్య రాసిందే.

ఇలా ఉండగా ఒక రోజు అడవి అంచున వెదురు లారీ ఒకటి ఆగి కదిలింది. కదిలిన చోట కుక్కపిల్ల ఒకటి మిగిలింది. రెండు నెలల పిల్ల, గోధుమరంగు, నుదుటిమీద తెల్లటి మచ్చ. పగలంతా అది కనిపించిన ప్రతివాళ్ల వెంటా తిరిగింది. అందరూ ముద్దు చేశారు. సాయంత్రం నీడలు సాగడం మొదలయ్యేసరికి, ఇది రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న వచ్చింది. దాంతో ముద్దు చేసినవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు.

అత్యవసర సభ పెట్టారు. కుక్కపిల్ల మధ్యలో కూర్చుని ఎవరు మాట్లాడితే వాళ్లవైపు చూస్తూ తోకాడించింది.

ముందు నెమలి శిఖామణి లేచింది. పిల్లను తన చెట్టు కింద పడుకోబెట్టడానికి తనకేమీ అభ్యంతరం లేదంది. కాకపోతే చెట్టుమీద ఇరవైమంది కుటుంబం పడుకుంటుందనీ, తెల్లవారుజామున పైనుంచి ఏమేం పడతాయో సభకు తెలియనిది కాదనీ, తన హృదయం మాత్రం విశాలమైనదనీ చెప్పి కూర్చుంది.

తర్వాత కొండముచ్చు వాలేశ్వరరావు. అతను ప్రతిపక్షం. దేనికి ప్రతిపక్షమో తెలుసుకున్నాక మాట్లాడటం అతనికి అలవాటు లేదు. పిల్లల్ని ముద్దుచేసి పాడుచేస్తున్నామనీ, ఆరుబయట పడుకుంటేనే గట్టిపడతారనీ, తన పిల్లల్ని అలాగే పెంచాననీ గట్టిగా చెప్పాడు. అతని పిల్లలు ఏడాది నిండేదాకా తల్లి పొట్టనే కరుచుకుని ఉంటాయి. అతను ఎప్పుడూ సభల్లో ఉండటంవల్ల ఆ సంగతి చూడలేదు.

ఆఖరున నిపుణురాలు వరాలమ్మ లేచింది. వరాలమ్మ ఉడుము. ఉడుములు గుడ్లు పెట్టి మట్టి కప్పి తమ దారిన తాము పోతాయి. ఆవిడ ఇప్పటికి నూటయాభై గుడ్లు పెట్టింది, ఒక్క పిల్ల మొహమూ చూడలేదు. అందుకే పిల్లల పెంపకంలో ఆవిడకు పక్షపాతం ఉండదని సభ నమ్మకం. కుక్కపిల్ల మొదటి మూడు రాత్రులు ఏడుస్తుందనీ, ఏడిస్తే పలకకూడదనీ, పలికితే ఇక జన్మంతా అలవాటైపోతుందనీ ఆవిడ చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. కంటకయ్య ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకున్నాడు.

గంభీరప్ప తలూపాడు. మాట్లాడిన ఆ ముగ్గురితోనే పడక నిర్ణయ కమిటీ ఏర్పడింది. కంటకయ్య ఆకులు సర్దుకుని లేవబోతుంటే వాలేశ్వరరావు అడ్డుపడ్డాడు.

“మరి నిర్ణయం అయ్యేదాకా ఎక్కడ పెడతారు? ముప్పై ఒకటో నిబంధన ఉండాలి కదా.”

కంటకయ్య ముళ్లు ఒక్కసారి గలగలలాడాయి. తన బొరియ సత్రం కాదన్నాడు. తను ఒంటరివాణ్ని, ముక్కోపిని, రాత్రి నిద్ర లేకపోతే పగలు అక్షరం ముక్క రాయలేనన్నాడు. ఆ నిబంధన పండ్ల కోసం రాసిందే తప్ప ప్రాణులకు కాదన్నాడు. నిబంధనలో పండు అన్న మాట ఉందా అని గంభీరప్ప అడిగాడు. లేదు. వస్తువు అని మాత్రమే ఉంది. పదకొండేళ్లలో కంటకయ్య తన రాతను తానే తిట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ రాత్రి బొరియ బయట ఎండుటాకులు పరిచి, అక్కడ పడుకోమని చెప్పి తను లోపలికి పోయాడు. కుక్కపిల్ల కాసేపు ఊరుకుని, ఆ తర్వాత కుయ్యి కుయ్యిమనడం మొదలుపెట్టింది. వరాలమ్మ చెప్పినట్టు అతను పలకలేదు.

“లోపల ఎవరైనా ఉన్నారా?” అని కుక్కపిల్ల అడిగింది.

“లేరు” అన్నాడు కంటకయ్య.

“మరి మాట్లాడుతున్నది ఎవరు?”

“కార్యదర్శి.”

కుక్కపిల్ల ఆలోచనలో పడినట్టుంది. ఇంతలో దూరంగా, రంపంతో కొయ్య కోస్తున్నట్టు ఒక గొంతు వినిపించింది. చిరుత గొంతు అలాగే ఉంటుంది. కుక్కపిల్ల కుయ్యిమనడం మానేసింది. దాని ఏడుపును కంటకయ్య ఓర్చుకున్నాడు గానీ ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేకపోయాడు. వెళ్లి దాని మెడపట్టి లోపలికి లాక్కొచ్చాడు. ఈ ఒక్క రాత్రికే అని దానికి చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు.

బొరియలో ఇద్దరు పడుకోవడానికి ఒక్కటే పద్ధతి ఉంది. ముళ్లన్నీ వీపుమీద, తోకవైపు ఉంటాయి. కాబట్టి కుక్కపిల్లను లోపలి గోడవైపు పెట్టి, తను దానికి ఎదురుగా తిరిగి, వీపు గుమ్మంవైపు పెట్టుకున్నాడు. కుక్కపిల్ల ముక్కు అతని గడ్డం కిందికి చేరింది. ముళ్లపందికి పొట్టవైపు మెత్తగా ఉంటుందని అడవిలో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దగ్గరితనం ఎవరికీ లేదు మరి. కంటకయ్యకు కూడా ఆ రాత్రే కొత్తగా తెలిసినట్టయింది.

పొద్దున్న లేచి చూస్తే గుమ్మం దగ్గర మట్టిలో పెద్ద పెద్ద పంజా గుర్తులున్నాయి. పక్కనే రెండు నెత్తురు చుక్కలు. తన వీపున రెండు ముళ్లు లేవు. కంటకయ్య ఆ గుర్తుల ముందు చాలాసేపు నిలబడిపోయాడు. ఇంత అడవిలో కుక్కపిల్ల పడుకోవడానికి ఇంతకన్నా భద్రమైన చోటు లేదని అర్థమైంది. అర్థమయ్యాక భయం వేసింది, ఆ వెంటనే ఎందుకో సంతోషం వేసింది.

ఆ మాట సభకు చెప్పేద్దామని బయల్దేరాడు కూడా. దారిలో వాలేశ్వరరావు ఎదురై, రాత్రి ఎలా గడిచింది పాపం అని అడిగాడు. ఆ గొంతులో ఎంత జాలి ఉందంటే, ఎన్నేళ్లనుంచో కంటకయ్యమీద ఎవరూ అంత జాలిపడలేదు. దాన్ని వృథా చేయబుద్ధి కాలేదు.

“ఏం చెప్పమంటారు, నరకం” అన్నాడు.

ఆ ముక్క అనకపోయి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది. నిన్న సభలో అంత గోల చేసి, ఇవాళ ముళ్లపంది కుక్కపిల్లను పొదువుకుని పడుకుందంటే అడవంతా నవ్వదూ. అదీగాక నోరు విప్పాల్సిన అవసరమేముంది. నిర్ణయం తేలనంతకాలం పిల్ల తన దగ్గరే ఉంటుంది. నిర్ణయాలు తేలకుండా చూడటంలో తనను మించినవాడు ఈ అడవిలో లేడు.

ఇక చూడాలి కంటకయ్య పనితనం. మొదటి వారమంతా కుక్కపిల్ల ఊరి జంతువా, అడవి జంతువా అన్నది తేల్చమని కమిటీని కోరాడు. రెండో వారం, అది ఊరి జంతువైతే అడవి నిబంధనలు వర్తిస్తాయా అని అడిగాడు. మూడో వారం శిఖామణికి ఈకలు రాలే కాలం వచ్చింది. ఆ స్థితిలో నెమలిని సభకు రమ్మనడం అమర్యాద అని తనే వాయిదా వేయించాడు. శిఖామణి అతని సున్నితత్వానికి కరిగిపోయింది.

తర్వాత స్థల పరిశీలన. రాత్రి పడుకునే చోటును పగలు చూసి ఎలా తేలుస్తారని ఎవరికీ తోచలేదు. సభ్యులు పనిచేసేది పగలే కదా. కంటకయ్య ఒక ఫారం తయారుచేశాడు. గాలి, వెలుతురు, తేమ, చీమలు, హుందాతనం అని అందులో అయిదు గడులున్నాయి. చిరుత గడి లేదు. వెదురుపొద దగ్గర వాలేశ్వరరావు పడుకుని పరీక్షించి చూస్తానని చెప్పి రెండు గంటలు గురకపెట్టాడు. పరీక్ష సంతృప్తికరం అని కంటకయ్య రాశాడు. వరాలమ్మ తన పుట్ట పక్కనున్న చోటును చూడకుండానే మార్కులు వేసింది, తను నిపుణురాలు గనక.

మొత్తం అయిదు చోట్లు. వెదురుపొద, నెమలి చెట్టు, పుట్ట పక్క, సభ జరిగే బండ, కంటకయ్య బొరియ. మొదటి నాలుగింటికీ పదికి ఏడేసి మార్కులు వచ్చేలా కంటకయ్య జాగ్రత్తపడ్డాడు. అన్నీ సమానమైతే ఏదీ తేలదు. ఇక తన బొరియ సంగతి. దానికి ఎక్కువ వేస్తే తన మనసు బయటపడిపోతుంది. అందుకని రెండు వేశాడు. పక్కన వివరణ కూడా రాశాడు: “ఇరుకు. మట్టి వాసన. నివసించువారు మొండి, ముక్కోపి, గురకపెట్టును. ముళ్లు గుచ్చుకొను ప్రమాదము కలదు. పిల్లలకు ఎంతమాత్రమూ తగదు.” రాశాక చదువుకుంటే, ముళ్ల ప్రమాదం తప్ప అందులో అబద్ధం పెద్దగా లేదనిపించి నవ్వొచ్చింది.

పగలు ఇలా గడిస్తే రాత్రులు వేరుగా గడిచేవి. బయట సదరు కుక్కపిల్ల అని రాసేవాడు, బొరియలోకి రాగానే బొట్టూ అని పిలిచేవాడు. నుదుటి మచ్చను చూసి పెట్టుకున్న పేరు. బొట్టు అతని గడ్డం కిందికి దూరి, ఇవాళ సభలో ఏమైందని అడిగేది. ఏమీ తేలలేదని చెప్పేవాడు. అమ్మయ్య అని అది కళ్లు మూసుకునేది. పదకొండేళ్లుగా తన పనిని ఇంత మెచ్చుకున్న ప్రాణి ఇంకొకటి లేదు. చిరుత మరో రెండుసార్లు వచ్చి గుమ్మం వాసన చూసి వెళ్లింది. కంటకయ్య ముళ్లు కాస్త విప్పి, నిద్ర చెడకుండానే మళ్లీ ముడిచేవాడు.

పొద్దున్నే సభకు పోయేముందు మాత్రం మొహానికి మట్టి రాసుకునేవాడు, కళ్లకింద నల్లగా కనబడాలని. నడకలో కాస్త తూలేవాడు. ఎవరైనా పలకరిస్తే రాత్రంతా కాళ్లతో తంతోందనేవాడు. ఇది కొంచెం ఎక్కువైపోతోందేమో అని అతనికి తెలుసు. కానీ జాలికి అలవాటు పడ్డాక మానడం కష్టమని కూడా తెలిసొచ్చింది. కుక్కపిల్ల ఏడిస్తే పలకొద్దని చెప్పిన నిపుణురాలు, కార్యదర్శి మూలిగితే పలకొద్దని చెప్పి ఉంటే బాగుండేది.

మూడు నెలలు గడిచాయి. ఒక రోజు సభ మొదలవుతుండగా వాలేశ్వరరావు లేచి, జాబితాలో లేని విషయం ఒకటి మాట్లాడతానన్నాడు. జాబితాలో లేనిది మాట్లాడకూడదని కంటకయ్య అన్నాడు. ఇది మీ గురించేనండీ అన్నాడు వాలేశ్వరరావు.

తను అన్నిటినీ వ్యతిరేకించేవాణ్నే అయినా తనకూ గుండె ఉందన్నాడు. మూడు నెలలుగా ఈ పెద్దమనిషి ఒక్క మాట అనకుండా, ఒక్క రాత్రి నిద్రలేకుండా సభ కోసం నలిగిపోతుంటే మనం చూస్తూ కూర్చున్నామన్నాడు. ఆ కళ్లకింద నలుపు చూడండి అన్నాడు. అందరూ చూశారు. శిఖామణి కళ్లొత్తుకుంది. ఇవాళే, ఈ క్షణమే తేల్చేద్దామని వాలేశ్వరరావు అన్నాడు. నాలుగు చోట్లకీ సమానంగా మార్కులున్నాయి గనక, ఎవరింటికీ దగ్గర కాని చోటు మేలు, అది సభ జరిగే ఈ బండే అని తేల్చాడు. ఎవరింటికీ దగ్గర కాదన్న మాట అందరికీ నచ్చింది. నిపుణురాలు కూడా బండ గట్టిగా ఉంటుంది, వెన్నుకు మంచిది అని బలపరిచింది.

కంటకయ్య తొందరగా లేచాడు. తొందరేమీ లేదన్నాడు. తనకింకా కొంత ఓపిక ఉందనీ, ఇంకో ఆర్నెల్లో ఏడాదో సర్దుకోగలననీ చెప్పాడు.

“చూశారా, ఎంత మంచివాడో” అని వాలేశ్వరరావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతటితో ఆగకుండా బొరియ గురించి కంటకయ్య రాసిన వివరణ తీసి పైకి చదివాడు. ఇరుకు. మట్టి వాసన. మొండి, ముక్కోపి, గురక. పిల్లలకు ఎంతమాత్రమూ తగదు. తన గురించి ఇంత నిర్మొహమాటంగా రాసుకున్న అధికారి చరిత్రలో ఉన్నాడా అని సభను అడిగాడు. సభ లేడంది.

గంభీరప్ప తలూపాడు.

మూడు నెలలు సాగదీసిన వ్యవహారం మూడు ఆకులు నమిలే వ్యవధిలో తేలిపోయింది. కంటకయ్య తన నూట పద్నాలుగు నిబంధనలనూ మనసులోనే ఒకటొకటిగా తిరగేశాడు. అడ్డుపడేది ఒక్కటీ దొరకలేదు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి, పద్ధతి తనదే.

తీర్మానం రాయాల్సింది అతనే. రాశాడు. “ఈ సాయంత్రము మొదలు సదరు కుక్కపిల్ల సభాశిలపై ఒంటరిగా నిద్రించును. చీకటి పడినది మొదలు తెల్లవారు వరకు అటువైపు ఎవరూ పోయి దాని నిద్ర చెరపరాదు.” కాపీలు తీశాడు. ఒకటి శిఖామణికి, ఒకటి వరాలమ్మకు, ఒకటి ఏటి అవతల ఉండే చిరుతకు.

ఆ చివరి కాపీ దగ్గర అతని కాలు ఆగింది. ఇది పంపకపోతే ఏమవుతుంది అనుకున్నాడు. కానీ పదకొండేళ్లలో ఒక్క కాపీ ఆపినవాడు కాదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు, చెప్పాలంటే సభలో ఎత్తకూడని పేరు ఎత్తాలి. ఇన్ని ఆలోచించేలోగా తపాలా జెముడుకాకి వచ్చి, అలవాటు చొప్పున కట్టంతా ముక్కున కరుచుకుని పోయింది. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. “అందినది. వేళ కూడా తెలియజేసినందుకు కృతజ్ఞతలు. చిరుత.” ఆవిడ సభకు జవాబు రాయడం అదే మొదటిసారి. పొరుగువాళ్లతో సంబంధాలు మెరుగుపడుతున్నాయని గంభీరప్ప సంతోషించాడు.

కంటకయ్య ఆ జవాబును ఫైల్లో పెట్టాడు. తను చేసిందేమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. బొట్టును బండమీద పెట్టి, పక్కన వేళ రాసి, సంతకం చేసి తనే వడ్డించాడు. ఇది ఎవరో చేసిన అన్యాయం అని అనుకోవడానికి చాలా ప్రయత్నించాడు, కుదరలేదు.

సాయంత్రం బండ దగ్గర ప్రారంభోత్సవం పెట్టారు. బండ కడిగారు, మీద ఈకలు పరిచారు. శిఖామణి నాట్యం చేసింది. వాలేశ్వరరావు తన పోరాట ఫలితమని మాట్లాడాడు. భయమేస్తే ఏడవకూడదు, అలవాటైపోతుంది అని వరాలమ్మ కుక్కపిల్లకు చివరి సలహా ఇచ్చింది. ఏటి అవతలి గట్టుమీద చిరుత వచ్చి కూర్చుంది. పంజాలు ముందుకు చాపి, కాపీ పక్కన పెట్టుకుని, ఎంతో మర్యాదగా కూర్చుంది. సభ్యులు ఆవిడను చూశారు, చూసి తలలు తిప్పుకున్నారు.

బొట్టును ఎత్తి బండమీద కూర్చోబెట్టారు. అది చుట్టూ చూసి, కంటకయ్యను వెతికి పట్టుకుంది.

“నువ్వెక్కడ పడుకుంటావు?” అని అడిగింది.

కంటకయ్య జవాబు చెప్పేలోగా గంభీరప్ప, ఇక కార్యదర్శి వందన సమర్పణ అన్నాడు. సభలో కార్యదర్శి ప్రసంగం చేయకూడదు, రాయాలి. ప్రసంగానికి అతనికున్నది ఆ ఒక్క సందర్భమే. అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చోవాలి.

అతను బండ ఎక్కాడు. గౌరవనీయ అధ్యక్షులకు ధన్యవాదాలు అన్నాడు. నాట్యం చేసిన శిఖామణిగారికి ధన్యవాదాలు అన్నాడు. సలహాలిచ్చిన వరాలమ్మగారికి, పోరాడిన వాలేశ్వరరావుగారికి అని ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. చీకటి పడటానికి ఇంకా ఎంతోసేపు లేదు.

“ఆ రిపోర్టు అబద్ధమండీ” అన్నాడు.

శిఖామణి చప్పట్లు కొట్టబోయి మానేసింది.

“బొరియ ఇరుకు కాదు. ఇద్దరం సరిపోతాం. మూడు నెలలూ సరిపోయాం. ముళ్లు గుచ్చుకోవు, నేను వాడివైపు తిరిగి పడుకుంటాను. కళ్లకింద ఉన్నది మట్టి. నాకు నిద్ర చెడలేదు. నా బతుకులో ఎప్పుడూ పట్టనంత నిద్ర పట్టింది. నిర్ణయం తేలితే వాణ్ని తీసుకుపోతారని నేనే తేలనివ్వలేదు. అదిగో, అవతలి గట్టుమీద చిరుత కూర్చుంది. ఆవిడ వాడి కోసమే వచ్చింది. వేళ రాసి పిలిచింది నేనే.”

చిరుత పేరు సభలో వినబడేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు. అవతల ఉన్నది చిరుత కావడం కన్నా, ఆ పేరు పైకి అనడమే వాళ్లకు దెబ్బ కొట్టినట్టయింది.

“వాడు ఎవరయ్యా?” అన్నాడు గంభీరప్ప.

“బొట్టండీ. సదరు కుక్కపిల్ల. వాడు నా దగ్గరే పడుకోవాలి.”

గంభీరప్ప ఈసారి తలూపలేదు. ఆయన తల కదలకుండా ఉండటం సభ మొదటిసారి చూసింది.

“ఈ మాట మొదటే చెప్పి ఉండొచ్చు గదయ్యా కంటకయ్యా. మేం కాదనేవాళ్లమా?”

“మొదట నిజం కాదండీ. నిజమయ్యేసరికి సిగ్గేసింది.”

వాలేశ్వరరావే మొదట తేరుకున్నాడు. అతనికి రెండు కోపాలు వచ్చాయి. తన కన్నీళ్లు వృథా అయినందుకు ఒకటి, ఇంత దొంగ రిపోర్టును తను గట్టిగా చదివినందుకు ఇంకొకటి. తప్పుడు రిపోర్టు రాసిన కార్యదర్శి ఆ పదవిలో ఉండటానికి వీల్లేదన్నాడు. నాలుగుసార్లు అన్నాడు. కంటకయ్య కాదనలేదు. చెవిలో పెట్టుకున్న ముల్లు కలం తీసి, గంభీరప్ప ముందు పెట్టాడు. పదకొండేళ్ల పని ఎంత తేలికగా ఉందో చూసి ఆశ్చర్యపోయాడు.

తర్వాత కుక్కపిల్ల సంగతి ఏమిటని వరాలమ్మ అడిగింది. రిపోర్టు కొట్టేశారు గనక మళ్లీ కమిటీ వేయాలని ఒకరు, పాత కమిటీ చాలని ఒకరు అనడం మొదలుపెట్టారు. బొట్టు అప్పటికే బండ దిగి కంటకయ్య వెనక నడుస్తోంది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు గనక అది ఎవరికీ ఏమీ చెప్పకుండానే వెళ్లింది.

అవతలి గట్టున చిరుత లేచి నిలబడింది. ఇద్దరూ పొదల దారిలో వెళ్తుంటే ఏరు దాటి కొంతదూరం వెంట వచ్చింది కూడా. కంటకయ్య బొట్టును ముందుకు నెట్టి, వీపు ఆవిడవైపు తిప్పి, ముళ్లు విప్పి, వెనక్కి వెనక్కి నడిచాడు. ఇది హుందాగా ఉండే నడక కాదు. చూసేవాళ్లకు నవ్వొచ్చేట్టే ఉంటుంది. చిరుతకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ కుడి పంజాలో పాత ముల్లు ముక్క ఇంకా సలుపుతూనే ఉంది. కాసేపు చూసి తిరిగిపోయింది.

మర్నాడు సభకు ఆవిడ దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. తమరు పంపిన కాపీలో ఒకటి ఉందనీ, జరిగింది ఇంకొకటనీ, తను వచ్చి కూర్చుని వృథాగా ఆకలితో తిరిగిపోవాల్సి వచ్చిందనీ, బాధ్యత గల సభ ఇలా చేయొచ్చా అనీ అడిగింది. సభ చాలా నొచ్చుకుంది. ఆవిడను ఇంటికి వెళ్లి కలిసి క్షమాపణ చెప్పిరావడానికి ముగ్గురితో ఒక బృందాన్ని పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ ముగ్గురు ఎవరన్నది ఇంకా తేలలేదు. రాయడానికి కార్యదర్శి లేడు గనక ఆ సంగతి ఎక్కడా రాసి కూడా లేదు.

కంటకయ్య ఆ రోజు పొద్దెక్కేదాకా లేవలేదు. ఒక్కసారి మెలకువ వచ్చి, సభకు వేళైందని గబుక్కున లేవబోయాడు. లేవాల్సిన పని లేదని గుర్తొచ్చి కాస్త బాధపడ్డాడు. ఎంతసేపు బాధపడాలో తేల్చుకునేలోగా మళ్లీ నిద్ర పట్టేసింది. బొట్టు కాళ్లతో తంతూనే ఉంది. సభలో చెప్పిన అబద్ధాల్లో అదొక్కటి నిజం.

నీతి: పదవిని జాగ్రత్తగా కాపాడుకోండి, పోయిందంటే హాయిగా నిద్ర పట్టేస్తుంది.